కాడ మీద వేలిముద్ర

మనామాలో, ఇరవై మూడో అంతస్తులో,
రాత్రి ఎనిమిదింటికి నేను ఒక ముక్కును.
గ్లాసు కాడను రెండు వేళ్ల మధ్య పట్టి
వంచి, తిప్పి, వాసన చూసి
ఎండిన రేగుపండు, కొంచెం తోలు,
తడిసిన సుద్ద, అంటాను.
అతిథి తల ఊపుతాడు.
సుద్ద అన్నప్పుడు మాత్రం
నా గోళ్ల వంక చూసుకుంటాను.
పొద్దున పట్టుకున్నది ఇంకా అక్కడే ఉంటుంది.

గుదైబియాలో, దర్జీ దుకాణం పైన గది.
దూరవిద్య బీఏ, రెండో ఏడు, సమాజశాస్త్రం.
ఏసీ కారే చోట బకెట్టు, దాని పక్కనే బోర్డు.
ట్యాంకర్ నడిపే మొగిలయ్య,
పార్లర్ నుంచి ప్రమీల,
ఆస్పత్రి లాండ్రీలో రాత్రంతా నిలబడి
ఇక్కడ కూర్చోగానే కునికే జైనబీ,
మా హోటల్‌లోనే, నేల కింద అంతస్తులో
గ్లాసులు కడిగే భూమేష్.

మా నాయిన రాజేశం గౌడు
రేకలో ఒక్క గుక్క తాగి చెట్టు పేరు చెప్పేవాడు.
"ఇది వాగొడ్డు తాడుది. రాత్రి గాలి తిరిగింది."
ఆయనకు అబ్కారోళ్లు ఇచ్చింది రసీదు.
నాకు కాలరు మీద వెండి ద్రాక్షగుత్తి.

సామాజిక చలనశీలత, అని బోర్డు మీద రాసి
కింద ఏం రాయాలో తోచక
మోకు బొమ్మ గీశాను.
తాత దీంతో ఎక్కాడు, నేను సర్వీసు లిఫ్టులో, అన్నాను.
కొంచెం గర్వంగానే అన్నాను.
"దిగుడు సంగతేంది సార్?" మొగిలయ్య.
"తాడెక్కినోడు పొద్దుగూకేలోపు దిగాలె గద."
ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

ఒక శనివారం ఖాళీ సీసా కడిగి తెచ్చాను.
లేబుల్ చదవండి. ఎవరున్నారు, ఎవరు లేరు?
కొండ పేరుంది. వాలు ఏ దిక్కో ఉంది.
ఆ ఏడు వాన తక్కువని కూడా రాశారు.
"తెంపినోళ్లు లేరు," ప్రమీల.
భూమేష్ సీసాను వెలుతురుకు పట్టి
"ద్రాక్షకు ఊరుంది సార్.
నా సీపీఆర్ కార్డు మీద దేశమొక్కటే ఉన్నది."
అందరం నవ్వాం. జైనబీ లేచి, ఏమైందని అడిగి
మళ్లీ పడుకుంది.

ఆ రాత్రే, ఏడో టేబులు.
గ్లాసు అంచున లిప్‌స్టిక్, చంద్రవంకంత.
వెనక్కి పంపాను. పంపడమే నా ఉద్యోగం.
లిఫ్టు దిగి అది ఎవరి చేతికి పోతుందో తెలుసు.
పది నిమిషాలకు వచ్చింది, ఇంకా వెచ్చగా.
వెచ్చని గ్లాసులో వైన్ పోయకూడదు.
చల్లారేదాకా పట్టుకుని నిలబడ్డాను.
అతిథి గడియారం చూసుకున్నాడు.

తర్వాతి వారం 'శ్రమ విభజన' మీద
భూమేష్ రెండు పేజీలు రాశాడు.
"లిప్‌స్టిక్ మిషనుకు పోదు. ఉప్పు గావాలె, బొటనవేలు గావాలె.
పైనుంచి గ్లాసు వాపసొస్తే మేము కోపం జెయ్యం,
ఎవరు పంపిన్రో చూసుకుంటం.
అందరి ముద్రలు గిన్నె మీదుంటయ్.
కాడ మీదుంటే అది సారు చెయ్యి."

'ఉదాహరణ బాగుంది, ఆధారాలు పేర్కొనండి'
అని ఎర్ర పెన్నుతో రాసి
కొట్టేశాను.
మార్కుల గడి ఖాళీగానే ఉంది.

ఇప్పుడు రంజాన్. బార్‌కు తెర దించారు.
ముక్కుకు నెల సెలవు.
కింద భూమేష్ ఎనిమిది వందల గ్లాసులు దింపి
ఒక్కొక్కటీ కడుగుతున్నాడు.
మగ్రిబ్ దాటాక, ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని
నేనూ గుడ్డ తీసుకున్నాను,
అలవాటుగా కాడ పట్టి తుడవబోయాను.

"గట్ల గాదు సార్," అన్నాడు, తల ఎత్తకుండానే.
"గిన్నె పట్టుకోండ్రి.
కాడ పట్టి తిప్పితే విరుగుతది."